ఆషాఢం దాకా అమ్మకూడని బండి

బళ్ళు అమ్మే ఉద్యోగంలో కొత్తగా చేరిన కుర్రవాళ్ళు అప్పుడప్పుడు నన్ను అడుగుతుంటారు, ఇన్నేళ్ళలో మీరు అమ్మిన వాటిలో మరిచిపోలేనిది ఏదని. అమ్మినవేవీ పెద్దగా గుర్తు లేవు. తాళం చేతికి తీసుకుని నవ్వుతూ వెళ్ళిపోయినవాళ్ళని మరిచిపోవడానికి ఎంతోసేపు పట్టదు. గుర్తున్నదల్లా అమ్మని బండి ఒకటి. అది అమ్ముడుపోకుండా ఉండటానికి నేను దాదాపు నెల రోజులు చెమటోడ్చాను. ఆ సంగతి చెబుతాను. చివర్లో మీకు పనికొచ్చే నీతి ఏదైనా ఉంటుందని మాత్రం ఆశపడకండి. అది నాకే దొరకలేదు.

నాది కాకినాడ. సింగపూర్‌కి షిప్‌యార్డులో స్టోర్సు గుమాస్తాగా వచ్చాను. ఎండా ఇనుపధూళీ పడక, చల్లగా కూర్చోవచ్చు కదా అని అలెగ్జాండ్రా రోడ్డు మీద ఒక కార్ల షోరూములో సేల్స్‌మన్‌గా చేరాను. ఐటీ బూమ్ అప్పుడే ఊపందుకుంటోంది. సైన్స్ పార్కులో ప్రోగ్రాములు రాసేవాళ్ళు, రాఫెల్స్ ప్లేస్ బ్యాంకుల్లో సిస్టమ్సు చూసేవాళ్ళు వారానికో కొత్త మొహం ఊళ్ళో దిగేవారు. ఏ ఇద్దరు తెలుగువాళ్ళు కలిసినా ఎవరికి ఎక్కడ ఆఫర్ వచ్చిందన్న మాటే. ఈ ఊళ్ళో బండి ఖరీదుకి తోడు, బండి పెట్టుకునే హక్కు కోసం సర్కారుకి వేరే కట్టాలి. అయినా కొనేవారు. రిజిస్టరులో తెలుగు పేరు కనబడితే చాలు, మా మేనేజరు తలెత్తకుండానే నా టేబుల్ వైపు వేలు చూపించేవాడు.

అలా ఒక ఆదివారం ఒక తెలుగు కుటుంబం నా ముందుకి వచ్చింది. నిజానికి రెండు కుటుంబాలు. తోడల్లుళ్ళిద్దరు, వాళ్ళ భార్యలైన అక్కాచెల్లెళ్ళు, అక్క పిల్లలిద్దరు. చెల్లెలు కడుపుతో ఉంది. క్లెమెంటిలో ఒకే బ్లాకులో పైనా కిందా ఫ్లాట్లు అద్దెకి తీసుకుని ఉంటున్నారు. వంట పై ఫ్లాట్లో, భోజనాలు కింది ఫ్లాట్లో. నేను మనసులో వాళ్ళకి పెద్దల్లుడు, చిన్నల్లుడు అని పేర్లు పెట్టుకున్నాను. పెద్దల్లుడు సైన్స్ పార్కులో ఒక కంపెనీలో మేనేజరు. చిన్నల్లుణ్ణి పిలిపించి, అదే కంపెనీలో ఇంకో గ్రూపులో ఉద్యోగం వేయించింది ఆయనే. చిన్నల్లుడు ఆయన్ని సొంత అన్నయ్యలాగే చూసేవాడు. ఆయన కూర్చున్నాక గానీ కూర్చునేవాడు కాదు.

వాళ్ళకి కావలసింది మూడు వరుసల సీట్లున్న పెద్ద బండి. ఎస్‌యూవీ అన్నమాట. ధర మరీ ఎక్కువ ఉండకూడదు, పుట్టబోయే బిడ్డతో సహా ఏడుగురూ పట్టాలి, వెనక ఒక పడవని కట్టి లాక్కెళ్ళగలగాలి.

పడవ ఏంటండీ అని అడిగాను.

"మా ఆఫీసులో ఒకాయన ఉద్యోగం మానేసి వెళ్ళిపోతా అమ్మేశాడండి. మోటారు పడవ, చిన్నదే. దాని కింద చక్రాల బండి కూడా ఉంది. పడవలు ఉంచే యార్డులో పెట్టాం. ఇంక ఉంచనివ్వం, తీసుకుపొమ్మంటన్నారు" అన్నాడు చిన్నల్లుడు. అతనిది గోదావరి లంక. చిన్నప్పుడు బడికి వెళ్ళాలన్నా రేవు దాటాల్సిందే. పడవ మాట ఎత్తితే మొహం విప్పారేది.

"మీకూ ఇష్టమేనా సార్ పడవలంటే?" అని పెద్దల్లుణ్ణి అడిగాను.

"మాది ఒంగోలు అవతల. నాకు ఈత రాదు. నీళ్ళు చూస్తేనే కళ్ళు తిరుగుతాయి" అన్నాడాయన. "వాడికి ఇష్టం. సగం నేను పెట్టాను."

ఆ మాటతో నాకు ఆయన మీద ఒక గౌరవం కలిగింది. భయపడే వస్తువులో సగం వాటా కొన్న మనిషిని నేను అంతకు ముందు చూడలేదు.

ఇక్కడ కొంచెం వృత్తి సంగతి చెప్పాలి. బండి పడవని లాగగలదా అన్నది ఇంజను ఒక్కటే తేల్చదు. పడవ ముందు భాగం బరువంతా బండి తోక మీద పడుతుంది. మూడో వరుసలో కూర్చునే మనుషుల బరువు పడేదీ అక్కడే. వాళ్ళ అంచనాలో వచ్చే బళ్ళన్నిటితోనూ ఇదే తగువు. మూడో వరుస సుఖంగా ఉన్న బండి పడవని లాగలేదు. లాగగలిగిన బండిలో మూడో వరుస మడత కుర్చీ లాంటిది, పెద్దవాళ్ళ మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. రెండూ కుదిరే బళ్ళున్నాయి. అవి వాళ్ళకి అందవు.

అందుబాటులో ఉన్న బండి ఒకటి చూపించాను. ఎక్కి చూశారు. మామూలుగానే పెద్దల్లుడు ముందు, అక్కాచెల్లెళ్ళు మధ్యలో, చిన్నల్లుడు పిల్లలతో మూడో వరుసలో. అక్క కొడుకు వెనక నుంచి, "అంకుల్, దిస్ వన్ కెనాట్ లా, చిన్నాన్న స్టక్" అని ఇక్కడి పిల్లల ఇంగ్లీషులో అరిచాడు. అందరూ నవ్వారు. చిన్నల్లుడు మోకాళ్ళు ముడుచుకుని, "పరవాలేదురా, నాకు బానే ఉంది" అన్నాడు. వాళ్ళు ఆ రోజే ఖాయం చేస్తారనుకున్నాను. పెద్దల్లుడు ఆలోచించి చెబుతానన్నాడు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం ఆయన ఒక్కడే వచ్చాడు. ఇంకోసారి నడిపి చూస్తానన్నాడు. నేను పక్కన కూర్చున్నాను. వెస్ట్ కోస్ట్ వైపు వెళ్ళి, ఒక చెట్టు నీడన ఆపి, చేతులు స్టీరింగు మీదే ఉంచి మాట్లాడాడు.

"గురూగారూ, ఒక సాయం చెయ్యాలి. మాకు ఏ బండీ కుదరకుండా చూడాలి."

నా ఉద్యోగం దానికి సరిగ్గా ఎదురుది సార్ అన్నాను.

"తెలుసు. మావాడి గ్రూపు మొత్తం ఎత్తేస్తన్నారు. పై నెల్లో చెప్తారు. మేనేజర్లకి ముందుగా చెప్పి, ఇంట్లో కూడా నోరు విప్పకూడదన్నారు. విప్పితే నన్నూ తీసేస్తారు. బండి వాడి పేరు మీద కొంటన్నాం, ఎందుకంటే పడవతో నడిపేది వాడే. అప్పు వాడి పేరు మీదే. ఉద్యోగం పోతే ఇక్కడ ఉండనిచ్చే పాసు పోద్ది. పాసు పోతే కొద్ది వారాల్లో దేశం విడిచిపోవాలి. నిండు నెలల మనిషిని పెట్టుకుని, నెత్తి మీద ఈ అప్పు పెట్టుకుని ఎక్కడికి పోతాడు చెప్పండి?"

"ఆయనకి చెవిన వెయ్యొచ్చు కదా సార్. ఇంకో ఉద్యోగం చూసుకుంటాడు."

"వాడి సంగతి మీకు తెలీదు. వాడు ఊరుకోడు. వాడి కింద పనిచేసే పిల్లలకి చెప్తాడు. సాయంత్రానికి ఆఫీసంతా తెలుస్తుంది. అప్పుడు ఇద్దరం రోడ్డున పడతాం. నేనన్నా నిలబడితే వాడికి నాలుగు చోట్ల చెప్పగలను." బండి మళ్ళీ స్టార్ట్ చేస్తూ అన్నాడు, "ఆషాఢం దాకా లాగండి చాలు. ఆషాఢం పడిందంటే మా ఆవిడే బండి మాట ఎత్తదు. ఆ నెల్లోనే ఆఫీసులో ఎలాగూ చెప్పేస్తారు."

మన ఇళ్ళల్లో ఆషాఢం శూన్యమాసం. కొత్త వస్తువు కొనరు, కొత్త పని మొదలుపెట్టరు. కంపెనీ రహస్యాన్ని పంచాంగం వెనక దాచుకుందామని చూసిన మేనేజరు ఈయనొక్కడే అయ్యుంటాడు. నాకు నవ్వు రావలసింది. ఆయన మొహం చూశాక రాలేదు. సరేనన్నాను.

ఆ తర్వాత వరుసగా ఆదివారాలు వాళ్ళు రావడం, నేను వంకలు చెప్పడం. తమాషా ఏమిటంటే నేను ఒక్క అబద్ధం కూడా ఆడనక్కరలేకపోయింది. ఈ బండిలో ఏడుగురూ ఎక్కితే పడవ లాగకూడదమ్మా అన్నాను, నిజమే. ఈ బండికి వెనక కొక్కెం బిగించడానికి అనుమతి రావడం ఆలస్యమవుతుందన్నాను, అదీ నిజమే. తడి రేవులో పడవని నీళ్ళలోకి దించేటప్పుడు ఈ బండి టైర్లు జారతాయన్నాను. అమ్మకానికి ఉన్న ప్రతి బండి గురించీ పూర్తి నిజం చెప్పడం నా సర్వీసులో అదే మొదలు, అదే ఆఖరు. పక్క టేబుల్ దగ్గర ఒక చైనీస్ పెద్దమనిషి ఉండేవాడు, నాకన్నా సీనియరు. ఆయన నన్ను చూసి తల పట్టుకునేవాడు. "నువ్వు కస్టమర్ని తరిమేస్తున్నావ్ లా. ఒంట్లో బాగుందా?" అని అడిగాడొకసారి. మేనేజరు కూడా నా వైపు అదోలా చూడటం మొదలుపెట్టాడు.

ఇంట్లో మాత్రం దీని అర్థం వేరేగా మారుతోందని నాకు నెమ్మదిగా తెలిసింది. ఒకరోజు చెల్లెలు కుర్చీలో కూర్చుని నీళ్ళు తాగుతూ మెల్లిగా అంది. "బావగారికి మాతో కలిసి కొనడం ఇష్టం లేదేమో అంకుల్. మొహమాటానికి ఒప్పుకుని ఇప్పుడు వంకలు పెడుతున్నారేమో. మా ఆయనకి చెప్తే నమ్మరు. అన్నయ్య అలాంటివాడు కాదంటారు." నేను ఇంకో గ్లాసు నీళ్ళు తెప్పించాను. అవతల పెద్దల్లుడు ఒక బండి తలుపు తెరిచి మూస్తూ నిలబడ్డాడు. మనిషి బాగా చిక్కిపోయాడు.

ఆషాఢానికి ముందు మిగిలిన ఆఖరి మంచిరోజు కూడా ఆదివారమే వచ్చింది. ఆ రోజు అక్క పట్టుబట్టి అందరినీ తీసుకొచ్చింది. చేతిలో కొబ్బరికాయ కూడా ఉంది. ఏదో ఒకటి ఖాయం చేసుకునే ఇంటికి వెళ్దామంది. ఇంకొక్క పూట గడిపితే నెల పాటు గండం గట్టెక్కినట్టే. బండి కింద పడుకుని ఏదైనా లోపం వెతకాలా అని ఆలోచిస్తున్నాను.

అప్పుడు చిన్నల్లుడు ఏదో మాట వరసకి చెప్పినట్టు చెప్పాడు. "అన్నయ్యా, నీకు చెప్పడం మర్చిపోయా. రాఫెల్స్ ప్లేస్ బ్యాంకు వాళ్ళు ఆఫర్ ఇచ్చారు. రేపు కాదని చెప్పేస్తన్నా."

పెద్దల్లుడి చెయ్యి తలుపు మీద ఆగిపోయింది. "ఎందుకు కాదనడం?"

"చేరమన్న తేదీ ఆషాఢంలో పడింది. శ్రావణంలో చేరతానంటే కుదరదన్నారు. లైనులో ఇంకోడు ఉన్నాడంట."

"నేనే వద్దన్నాను" అంది అక్క. "పుట్టబోయే బిడ్డని పెట్టుకుని శూన్యమాసంలో కొత్త ఉద్యోగం ఏంటి? ఉన్నది బానే ఉంది కదా. మీరు ఉన్నారు కదా అక్కడ."

"అదే. అన్నయ్య ఉండగా నాకెందుకు బ్యాంకు" అన్నాడు చిన్నల్లుడు నవ్వుతూ.

నేను పెద్దల్లుడి వైపు చూశాను. ఆయన బండి టైరు వైపు చూస్తున్నాడు. ఏ ఆషాఢం అడ్డు పెట్టుకుని తమ్ముణ్ణి కాపాడదామనుకున్నాడో, అదే ఆషాఢం వచ్చి ఆ తమ్ముడికి దొరికిన దారి మూసేస్తోంది. ఆ సంగతి ఆ గదిలో ఇద్దరికే తెలుసు. ఏ సంబంధమూ లేని మనుషుల కోసం అంత భయపడటం నాకు అదే మొదటిసారి.

నేను చేసింది ఇంతే. బరువు లేకుండా బండి ఎలా పోతుందో మగవాళ్ళిద్దరే చూసి రావాలని అందరికీ వినబడేలా చెప్పాను. అక్కాచెల్లెళ్ళకి కుర్చీలు వేసి కాఫీ తెప్పించాను. తాళం పెద్దల్లుడి చేతిలో పెడుతూ, "రేపటి దాకానే టైముంది సార్. ఇక వంకలు నా దగ్గర లేవు" అన్నాను. షోరూము మనిషి లేకుండా బండి బయటికి పంపకూడదు. అది మా రూలు. పక్క టేబుల్ ఆయన సగం లేచి నిలబడ్డాడు. ఏమీ అనొద్దని సైగ చేస్తే కూర్చున్నాడు.

వాళ్ళు రావడానికి చాలాసేపు పట్టింది. అక్క కొబ్బరికాయ ఎక్కడ కొట్టాలని అడిగింది. చెల్లెలు కాఫీ సగంలో వదిలేసింది. పిల్లలు షోరూమంతా పరిగెత్తారు.

బండి షోరూము వెనక గేటు దగ్గరికి వచ్చి ఆగింది. తాళం తీసుకుందామని నేను వెళ్ళాను. అద్దాలు దించి ఉన్నాయి. ఇద్దరూ ముందు సీట్లలోనే ఉన్నారు. దిగలేదు.

"ఎప్పట్నించి తెలుసు?" అంటున్నాడు చిన్నల్లుడు.

"నెల దాటింది" అన్నాడు పెద్దల్లుడు.

"నెల దాటింది" అని చిన్నల్లుడు మళ్ళీ తనే అన్నాడు. "రోజూ నా పక్కన కూర్చుని అన్నం తిన్నావు. పడవకి ఏం పేరు పెడదామని అడిగితే నువ్వే రెండు పేర్లు చెప్పావు."

"నీ మంచికేరా."

"నా మంచికని నాకు చెప్పొద్దా అన్నయ్యా?"

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేదేమో. దిగి లోపలికి వచ్చి భార్య చెయ్యి పట్టుకుని లేపాడు. బండి వద్దు, ఇంటికి పోదామన్నాడు. ఇద్దరూ టాక్సీ ఎక్కారు. అక్క కొబ్బరికాయ పట్టుకుని, "ఏమైందండీ, ఏమన్నారు వాడిని?" అని భర్తని అడుగుతూ నిలబడిపోయింది. ఆయన తాళం నా చేతిలో పెట్టి పిల్లల్ని పిలిచాడు. మేనేజరు ఆ సాయంత్రం నన్ను గదిలోకి పిలిచి రూల్సు గుర్తుచేశాడు. ఆ తిట్లు చెవికెక్కలేదు.

మర్నాడు చిన్నల్లుడు బ్యాంకుకి సరేనని చెప్పాడు. పెద్దల్లుడు ముందే అన్నట్టు, తన కింద పనిచేసేవాళ్ళకి కూడా చెప్పేశాడు, తొందరగా ఎక్కడైనా వెతుక్కోమని. ఆఫీసులో గగ్గోలు పుట్టింది. మాట ఎక్కడ నుంచి వచ్చిందని ఆరా తీశారు. తోడల్లుడు మేనేజరని అందరికీ తెలిసిందే, కనిపెట్టడానికి పెద్ద కష్టపడలేదు. ఇవన్నీ నాకు పెద్దల్లుడే చెప్పాడు, ఆఖరిసారి షోరూముకి వచ్చినప్పుడు. ఆయన ఉద్యోగం తీసేశారు. ఆయన వయసుకి, ఆయన జీతానికి అప్పటికప్పుడు ఇంకో చోట పాసు ఇచ్చేవాళ్ళు దొరకలేదు. సామాను సర్దుకుంటున్నారు. ఒంగోలు వెళ్ళి అక్కడ నుంచి ఏదో ఒకటి చూసుకోవాలన్నాడు.

"ఆయన అలా అందరికీ చెప్పి ఉండకూడదు సార్" అన్నాను. ఏదో ఒకటి అనాలి కదా.

"వాడు చేసింది తప్పు కాదు గురూగారూ. ఆ పిల్లలకి కూడా ఇళ్ళూ వాకిళ్ళూ ఉన్నాయి. వాడి స్థానంలో నేనుంటే చెప్పి ఉండేవాణ్ణి కాదు. నాకూ వాడికీ తేడా అదే." నాతో కరచాలనం చేశాడు. "వాడికి ఉద్యోగం ఉంది. నాక్కావలసింది అదే" అన్నాడు. ఆ మాట ఆయన నాకు చెబుతున్నట్టు లేదు.

తమ్ముణ్ణి పలకరించారా అని అడిగాను. కింద ఫ్లాట్లో భోజనాలు ఆగిపోయాయని మాత్రం చెప్పాడు.

పడవని లాగే బండి మా దగ్గరే కొంటున్నారని విని, యార్డు వాళ్ళు పడవ కోసం నా షోరూముకి కూడా ఫోన్ చేశారు. ఎవరూ తీసుకుపోలేదట. తోడల్లుళ్ళిద్దరూ ఎవరి వాటా వాళ్ళు వదులుకున్నారో, అవతలివాడే తీసుకుంటాడని ఊరుకున్నారో నాకు తెలియదు. వాళ్ళ చేతుల్లో ఉన్నంత కాలం అది నీళ్ళలో దిగలేదు. తర్వాత ఏమైందో కూడా తెలియదు.

కుర్రవాళ్ళకి నేను చెప్పేదేమిటంటే, మన వృత్తిలో మనుషులు మన ముందు సీట్లు ఎంచుకుంటారు, రంగులు ఎంచుకుంటారు. వాళ్ళ ఇంటి సంగతులు మన చెవిన పడుతూనే ఉంటాయి. అందులో మనం వేలు పెట్టాలా వద్దా అని నన్ను అడిగితే ఇప్పటికీ చెప్పలేను. పెట్టకుండా ఉండటం సుఖం. ఆ రోజు నాకు చేతకాలేదు.

మరుసటి సంవత్సరం చిన్నల్లుడు, అతని భార్య మళ్ళీ వచ్చారు. చంకలో ఆడపిల్ల. చిన్న బండి ఒకటి చాలన్నారు. అతను కాగితాల కోసం మేనేజరు గదిలోకి వెళ్ళాడు. ఆ అమ్మాయి పిల్లని భుజాన వేసుకుని నా ఎదురుగా కూర్చుంది. అక్కయ్యగారు బాగున్నారా అని అడిగాను.

"తెలీదు అంకుల్. ఫోన్ చేస్తే ఎత్తదు. పురిటికి తనే ఉండి చేస్తానంది. పాప పుట్టిందని కబురు పంపితే, మంచిది అని మాత్రం అందంట."

పిల్ల బాగుందన్నాను.

ఆమె అడిగింది. "ఆ రోజు మీరు వాళ్ళిద్దర్నీ అలా పంపకపోతే ఏమయ్యేది?"

ఇంత కాలం నేను నాకు చెప్పుకుంటున్న సమాధానమే చెప్పాను. "మీ ఆయన బ్యాంకుకి కాదనేవారమ్మా. ఉన్న ఉద్యోగం పోయేది. ఈ పిల్లని కడుపులో పెట్టుకుని మీరు ఊరు వెళ్ళిపోవలసి వచ్చేది."

ఆమె పిల్ల వీపు నిమురుతూ కూర్చుంది. కోపంగా లేదు, నిష్ఠూరంగా కూడా లేదు.

"వెళ్ళేవాళ్ళం అంకుల్" అంది. "అక్క కూడా వచ్చి దిగబెట్టేది."

లోపలి నుంచి భర్త బయటికి వచ్చాడు. నేను లేచి, పిల్ల సీటు వెనక ఎలా బిగించాలో వాళ్ళకి చూపించాను.